మీకు తెలుసా? రేర్ ఎర్త్ లోహాలు నీటిలో కలిస్తే...

రేర్ ఎర్త్ లోహాలు మొత్తం 17. అనంతపురం జిల్లా రాళ్లలో వీటి జాడలను హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) 2023లో వెల్లడించింది.

• రాతిలో ఉన్నంతకాలం వీటితో ముప్పు తక్కువ. గని వ్యర్థాలు, పారేసిన ఎలక్ట్రానిక్ సామాన్ల నుంచి కరిగి నీటిలో చేరితేనే చిక్కు.

• వీటిలో ఒకటైన లాంథనం అయాన్ పరిమాణంలో కాల్షియానికి దగ్గర. అందుకే కణాల్లోకి కాల్షియం వెళ్లే దారులను అడ్డుకుంటుంది. మోతాదు మించితే చేపల మొప్పలు దెబ్బతింటాయి.

• లాంథనం నీటిలోని ఫాస్ఫేట్‌ను పట్టేసుకుంటుంది. నాచు ఎదగదు. దాన్ని తినే డాఫ్నియా అనే చిన్న నీటిజీవులకు, వాటిని తినే చేపపిల్లలకు మేత కరవవుతుంది.

• కొన్ని ఎమ్ఆర్ఐ స్కాన్‌ల కోసం ఒంట్లోకి ఎక్కించే మరో రేర్ ఎర్త్ లోహం గాడోలినియం మూత్రంలో బయటికొస్తుంది. మామూలు మురుగుశుద్ధి కేంద్రాలు దాన్ని పెద్దగా తొలగించలేవు. జర్మనీ నదుల్లో ఈ సంగతి 1996లోనే బయటపడింది.

• కాగిన గిన్నె అడుగున తెల్లపొర కట్టే గట్టినీళ్లలో రేర్ ఎర్త్ లోహాల విషప్రభావం తగ్గుతుంది. వాననీటి వంటి మెత్తని నీటిలో ఎక్కువ.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులు ఈ లోహాలుండే పాత ట్యూబ్‌లైట్లు, ఫోన్లు, స్పీకర్లను చెరువుగట్టున పారేయకుండా ఈ-వేస్ట్ సేకరణకు ఇవ్వాలి.