ఎత్తైన కొండలపై మెదడు రక్తనాళాల సర్దుబాటు

మాజ్రి జంక్షన్ మీదుగా ఉత్తరాదికి సాగే రైళ్ళు అమర్‌నాథ్, కేదార్‌నాథ్ యాత్రికులను, లడఖ్‌లో కొలువున్న జవాన్లను మోసుకుపోతుంటాయి. బొగ్గు గనుల ఊరైన మాజ్రి సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ పట్టణం దాదాపు 3,500 మీటర్లు, అమర్‌నాథ్ గుహ 3,880 మీటర్లకు పైన. ఈ వ్యత్యాసాన్ని తట్టుకొనడానికి మెదడు కూడా శ్రమపడవలసి వస్తుంది.

శరీరపు బరువులో మెదడు నూటికి 2 పాళ్ళే అయినా, ప్రాణవాయువులో సుమారు 20 పాళ్ళు దానికే కావాలి. కొండమీది గాలిలోనూ ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళే. అయితే గాలి పీడనం తగ్గుతుంది గనుక లేహ్‌లో పీల్చే ప్రతి శ్వాసలో ఇక్కడికంటె మూడో వంతు తక్కువ లభిస్తుంది.

తూము తెరిచేది, మూసేది

ప్రాణవాయువు కొరవడగానే మెదడులోని రక్తనాళాలు వ్యాకోచించి ఎక్కువ రక్తాన్ని రప్పించుకుంటాయి. అదే సమయంలో శ్వాస వేగం పెరిగి, రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. ఆ తగ్గుదల నాళాలను సంకోచింపజేస్తుంది. ఒకే కాలువకు ఒకరు తూము తెరుస్తుండగా మరొకరు మూస్తున్నట్లుంటుంది. 1966లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, 3,810 మీటర్ల ఎత్తుకు చేరిన కొన్ని గంటల్లోనే మెదడుకు రక్తప్రవాహం 24 శాతం పెరిగి, మూడు నుంచి ఐదు రోజుల్లో ఆ పెరుగుదల 13 శాతానికి దిగింది. శ్వాస కుదుటపడి, రక్తంలో ఎర్రకణాల పాలు పెరిగేకొద్దీ ప్రవాహం మామూలు స్థితికి చేరువవుతుంది.

వారాలు గడిస్తే మరో మార్పు వస్తుంది. తక్కువ పీడనంలో మూడు వారాలుంచిన ఎలుకల మెదడులో కొత్త కేశనాళికలు మొలిచాయి. వాటిని మామూలు గాలిలోకి తెచ్చాక అవి క్రమంగా అంతరించాయి. ప్రాణవాయువు కొరతను జీవకణాలు గుర్తించే విధానాన్ని వెల్లడించిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది.

తొందరపాటే ప్రమాదం

ఈ సర్దుబాటుకు వ్యవధి ఇవ్వకుండా ఎక్కినవారికి తలనొప్పి, వికారం, నిద్రలేమి కలుగుతాయి. అరుదుగా మెదడు వాచి నడక తూలుతుంది, మాట తడబడుతుంది, మతి చలిస్తుంది. ఇది ప్రాణాంతకం. తెల్లవారే వరకు వేచి ఉండక రోగిని వెంటనే కిందికి దించాలి.

2014లో ఎవరెస్టు ఎక్కిన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ గానీ, 2018లో ఆ శిఖరాన్ని చేరిన చంద్రపూర్ జిల్లా ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ విద్యార్థులు ఐదుగురు గానీ ఒక్క ఉరుకున ఎక్కలేదు. ముందు శిక్షణ పొంది, కొండపై అంచెలంచెలుగా శరీరాన్ని అలవాటు చేసుకున్నారు.

3,000 మీటర్లు దాటాక, రాత్రి బస చేసే చోటు ముందురోజు బసకంటె 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. సైన్యంలోనూ ఎత్తుకు చేరిన జవానుకు మొదటి అంచెలో ఆరు రోజులు కేటాయిస్తారు. చాలా రోజులు సెలవుపై ఇంట గడిపి వెళ్ళిన జవాను ఆ అలవాటును మళ్ళీ మొదలుపెట్టవలసిందే. అక్కడ చేరిన తొలి రోజుల్లో తలనొప్పిగా ఉందని బిడ్డ ఫోనులో చెబితే, ప్రయాణపు బడలికని తేలికగా తీసుకోక, వెంటనే వైద్యునికి చూపించుకొమ్మని ఇంటివారు చెప్పాలి.