గేటు దాకానే తనిఖీ

నిర్మాణ కూలీ ఎవరో, ఎంత ఆరోగ్యంగా ఉన్నాడో పెద్ద సైట్లు ఆరా తీస్తున్నాయి. ఆ వివరాలు అతనికే అక్కరకు రావడం లేదు

హైదరాబాద్ పశ్చిమ శివార్లలో, కోకాపేట, నానక్‌రాంగూడ వైపు లేస్తున్న టవర్లలో పని కోసం ఒడిషా, బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ నుంచి కుర్రాళ్లు వస్తారు. భుజాన సంచి, చేతిలో ఆధార్ జిరాక్స్. పెద్ద సైట్‌లోకి అడుగుపెట్టాలంటే పేరు చెబితే చాలదు. గుర్తింపు కార్డు చూస్తారు, ఫొటో తీస్తారు. బీపీ, కంటిచూపు పరీక్షిస్తారు. ఎత్తులో పనిచేయాల్సిన మనిషిని గీత మీద నడిపిస్తారు, కళ్లు మూసుకుని నిలబడమంటారు. తూలితే పైకి పంపరు. హెల్మెట్, బెల్టు ఎలా పెట్టుకోవాలో చెప్పాకే గేట్ పాస్.

అదే నగరంలో అడ్డా మీద ఎంపిక వేరు. మేస్త్రీ వస్తాడు, చేతిలో తాపీ ఉందో లేదో చూస్తాడు, కూలి బేరమాడి ట్రాలీ ఆటో ఎక్కిస్తాడు. మూడంతస్తుల ఇంటికి పరంజా కట్టబోయే మనిషికి బీపీ ఎంతో, 18 ఏళ్లు నిండాయో లేదో ఎవరూ అడగరు. మూడో అంతస్తు నుంచి పడితే మాత్రం ప్రాణం దక్కుతుందన్న హామీ ఉందా?

వైద్య పరీక్ష కంపెనీల సొంత ఆలోచనేమీ కాదు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలు, క్రేన్లు నడిపేవారికి పనిలో చేరకముందే పరీక్ష చేయించాలన్నాయి. ఆ తర్వాత 40 ఏళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. ఖర్చు యజమానిదే, కూలీ దగ్గర పైసా తీసుకోకూడదు.

చిక్కల్లా మధ్యలో ఉన్న మనుషులతోనే. కంపెనీ సబ్ కాంట్రాక్టర్‌కు, అతను మేస్త్రీకి పని అప్పగిస్తారు. కూలీలను తెచ్చేదీ, ఊళ్లో అడ్వాన్సు ఇచ్చేదీ మేస్త్రీయే. 'అన్‌ఫిట్' అన్న మాట పడితే రైలు చార్జీ, అడ్వాన్సు కూలీ నెత్తిన పడతాయి. అలాంటప్పుడు మూర్ఛ వస్తుందని, కళ్లు తిరుగుతాయని ఎవరు నోరు విప్పుతారు? జనరల్ బోగీలో రెండు రాత్రులు నిద్రలేకుండా వచ్చిన వాడికి బీపీ పెరిగితే వింతేమీ లేదు. ఒక పూట పడుకోనిచ్చి మళ్లీ చూడాలి. ఎత్తుకు పనికిరానివాడు కింద ఇనుము వంచడానికి పనికొస్తాడు. నిజం చెబితే కూలి పోదన్న నమ్మకం లేనిచోట పరీక్ష కాగితానికి పెద్దగా విలువ ఉండదు.

కూలీకి అడ్డుపడే జల్లెడ మరొకటుంది. సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే వయసు 18, 60 ఏళ్ల మధ్య ఉండాలి, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. పాత చట్టంలోని ఈ నిబంధననే 2020 సామాజిక భద్రత కోడ్ కూడా కొనసాగించింది. రెండు నెలలు ఒకచోట, 20 రోజులు మరోచోట చేసినవాడికి ఆ 90 రోజులూ ఎవరు రాసిస్తారు? నిర్మాణ వ్యయంలో 1 శాతం చొప్పున వసూలు చేసిన సెస్సు రూ.37,400 కోట్లు దాటినా, ఖర్చయింది దాదాపు రూ.9,500 కోట్లేనని సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఇచ్చిన తీర్పులో తప్పుపట్టింది. డబ్బు లేక కాదు, మనిషి లెక్కలోకి రాక.

లెక్క ఎంత అధ్వాన్నమో 2020 లాక్‌డౌన్ బయటపెట్టింది. మే 1న వలస కార్మికులతో దేశంలో తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకు బయల్దేరింది. లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కార్మికులు చనిపోయారో సమాచారం లేదని ఆ సెప్టెంబరులో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అసంఘటిత కార్మికుల నమోదుకు ఇ-శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టులో గానీ రాలేదు. అందులో పేరుంటే మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. ఏ సైట్‌లో ఎన్ని రోజులు చేశాడన్నది మాత్రం ఆ కార్డు చెప్పదు.

ఆ సంగతి తెలిసేది గేటు దగ్గరి రిజిస్టరుకే. రోజూ ఎవరు లోపలికి వెళ్లారో, ఎప్పుడు బయటికొచ్చారో అందులో ఉంటుంది. పని ముగిశాక పాస్ వెనక్కి తీసుకుంటారు, ఫిట్‌నెస్ కాగితం సైట్ ఆఫీసు ఫైల్లోనే ఉండిపోతుంది. ఆ రెండింటి నకలు కూలీ చేతిలో పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఒక జిరాక్స్ మిషన్ చాలు. అది జరగనంత కాలం 80 రోజులు చేసినవాడు తర్వాతి సైట్‌కు ఉత్త చేతులతోనే వెళ్తాడు. అక్కడ మళ్లీ గీత మీద నడుస్తాడు.