కయోట్ వేటకు స్కోప్: అపోహలు – వాస్తవాలు

టెక్సాస్ నుంచి మోంటానా దాకా గొర్రెలు, ఆవులు పెంచే అమెరికా రైతులకు తోడేలును పోలిన కయోట్ అనే జంతువు బెడద పాతదే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి, ఈ వ్యాసం అమెరికాలో స్థిరపడి లైసెన్సుతో వేటకు వెళ్లే తెలుగువాళ్ల కోసం. రైఫిల్ కొనడానికి నెలల తరబడి ఆలోచించేవాళ్లు కూడా స్కోప్ దగ్గరికొచ్చేసరికి పెద్ద జూమ్ అంకె చూసి తీసేసుకుంటారు. గురి తప్పితే గాయపడిన జంతువు ఏ పొదలోనో నరకయాతన పడుతుంది. అందుకే ఈ ఎంపికను తేలిగ్గా తీసుకోకూడదు.

అపోహ: జూమ్ ఎంత ఎక్కువుంటే అంత మంచి స్కోప్.

వేట జరిగే తీరు చూస్తే ఈ మాట నిలవదు. వేటగాడు పొద చాటున కూర్చుని, గాయపడ్డ కుందేలు అరుపును వినిపిస్తాడు. ఆ అరుపుకు కయోట్ ఒక్కోసారి నలభై గజాల్లోపలికి పరుగున వచ్చేస్తుంది. జూమ్ పెరిగేకొద్దీ స్కోప్‌లో కనిపించే మేర కుంచించుకుపోతుంది. మామూలు 3–9×40 స్కోప్‌ను (జూమ్ 3 నుంచి 9 దాకా, ముందు లెన్స్ 40 మి.మీ.) 3 మీద ఉంచితే వంద గజాల దూరాన దాదాపు 33 అడుగుల వెడల్పు కనిపిస్తుంది. 9 మీద పెడితే 11 అడుగులే. అదే నలభై గజాల దగ్గరైతే నాలుగున్నర అడుగులు కూడా ఉండదు. కన్ను ఆనించేసరికి గడ్డి తప్ప ఏమీ కనిపించదు, జంతువును వెతుక్కునేలోపు అది వెళ్లిపోతుంది. కాబట్టి కొనేటప్పుడు ముందు చూడాల్సింది చిన్న అంకెను. 2తోనో 3తోనో మొదలయ్యేది తీసుకుని, అరుపు మొదలుపెట్టక ముందే ఆ అంకె మీద ఉంచుకోవాలి. కయోట్ దూరంగా ఆగి నిలబడితే జూమ్ పెంచుకోవడానికి వ్యవధి ఎలాగూ దొరుకుతుంది. బయలు మైదానాల్లో వేటాడేవాళ్లకు పై అంకె 12 దాకా ఉంటే మేలే. అంతకు మించితే ఎండపూట నేలమీది వేడిగాలి అలలు కూడా పెద్దవై బొమ్మ వణుకుతుంది.

అపోహ: ముందు లెన్స్ పెద్దదైతే మసక వెలుతురులో బాగా కనిపిస్తుంది.

కొంతవరకే నిజం. లెన్స్ వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం మందం వస్తుంది. 40 మి.మీ. లెన్స్‌తో 9 దగ్గర అది 4.4 మి.మీ., జూమ్‌ను 6కి దించితే 6.7. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది, వయసు మీరినవాళ్లకు 5కు అటూ ఇటూ. అంటే 50 మి.మీ. లెన్స్‌కు డబ్బు పోసే బదులు జూమ్ తగ్గించినా చాలావరకు పని జరుగుతుంది. పైగా పెద్ద లెన్స్ ఉన్న స్కోప్‌ను ఎత్తుగా బిగించాలి, అప్పుడు చెంప రైఫిల్‌కు సరిగా ఆనదు. డబ్బు పెట్టాల్సింది లెన్సుల మీది పూతకు. పూత లేని గాజు ప్రతి ముఖం దగ్గరా దాదాపు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. స్కోప్‌లో అలాంటి ముఖాలు చాలా ఉంటాయి.

గొట్టం 25.4 మి.మీ. బదులు 30 మి.మీ. ఉంటే వెలుతురు పెరుగుతుందన్నదీ అపోహే. దానివల్ల పెరిగేది ముఖ్యంగా గురి సర్దుబాటుకు వీలు.

అపోహ: స్కోప్ ఉంటే బైనాక్యులర్ అక్కర్లేదు.

స్కోప్‌తో దేన్ని చూస్తే తుపాకీ గొట్టం దానివైపే ఉంటుంది. అవతల ఉన్నది మనిషి కావచ్చు.

అపోహ: థర్మల్ స్కోప్ ఉంటే రాత్రి పొరపాటు జరగదు.

రాత్రి వేటకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నిబంధన ఉంటుంది, ముందు అది తెలుసుకోవాలి. థర్మల్ స్కోప్ చూపేది వేడిని. అక్కడేదో ఉందని చెప్పినంత సులువుగా అది ఏ జంతువో చెప్పదు. దూరాన రైతు పెంపుడు కుక్కా, కయోటూ ఒకేలా తెల్లటి మచ్చల్లా కనిపిస్తాయి. కాసేపు కదలనివ్వాలి. పరిగెత్తే కయోట్ తోకను కిందికి వాల్చుకుంటుంది. కుక్క తోక సాధారణంగా పైకే ఉంటుంది. ఆ తోక కూడా స్పష్టంగా తేలనంత దూరంలో ఉంటే ఆ జంతువును పోనివ్వాలి.