పండాల వహీలలో పితరుల జాడ

తర్పణ వేళ వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా మూడు తరాల పితరులను స్మరిస్తాము. నాలుగవ తరం పేరడిగితే చాలామందికి నోట మాట రాదు. హరిద్వారంలో పండాలు తరతరాలుగా భద్రపరుస్తున్న వహీలు ఆ లోటు తీర్చగలవు. పూర్వీకుల స్వగ్రామం, కులం చెబితే పండా పొడవాటి పుస్తకం విప్పి వెతుకుతాడు. అదృష్టముంటే, ఎన్నడో అస్థి నిమజ్జనానికి వచ్చిన ముత్తాత చేవ్రాలు కంటబడుతుంది. దక్షిణ సంగతి వేరనుకోండి! ఇవి అధికంగా ఉత్తరాది కుటుంబాలవి.

యూటా వంశావళి సంఘం వీటిలో అనేకం మైక్రోఫిల్ములుగా తీసింది. ఫ్యామిలీసెర్చ్‌లో ఎన్నో పుటలను రుసుము లేకుండానే చూడవచ్చు. అయితే చూడటం వేరు, చదవటం వేరు. సరదాగా వంశవృక్షం గీసుకునే గృహస్థుకు ఆ పాత లిపులు కొరుకుడు పడవు. అందుకు పండా ఎదుట కూర్చోవలసిందే. లేచేముందు మీ మనుమల పేర్లూ రాయించండి.