పిల్లల చిరుతిండికి ఓవెన్ అక్కరలేదు: నువ్వులు, మినుములు, అటుకులు చాలు

బడి నుండి వచ్చిన పిల్లలు పుస్తకాల సంచి దించీ దించకముందే తినడానికి ఏముందని అడుగుతారు. ఆ ప్రశ్నకు నేడు అనేక గృహాలలో లభించే సమాధానం మెరిసే కాగితంలో చుట్టిన ఒక 'బార్'. పైన గింజల బొమ్మ, పక్కన బలాన్ని సూచించే మాటలు చూసి తల్లిదండ్రులు తృప్తి పడుతున్నారు. ఆ కాగితాన్ని తిరగవేసి వెనుకనున్న చిన్న అక్షరాలను చదివేవారు అరుదు. పొట్లం మీద దినుసుల పేర్లను బరువును బట్టి, ఎక్కువగా ఉన్నవాటిని ముందుగా ముద్రించాలన్నది ఆహార చట్టం విధించిన నియమం. గింజల కంటే ముందు చక్కెర, గ్లూకోజ్ సిరప్ కనిపిస్తే అది గింజలు చల్లిన మిఠాయి అని గ్రహించాలి.

అటువంటి బార్లను ఇంట్లోనే, ఓవెన్ లేకుండా, పాకం పట్టే శ్రమ కూడా లేకుండా చేసుకొనవచ్చు. ఆ విధానాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. వాటితోపాటు వాటిని ఏ కాలంలో, ఏ వేళ, ఎంత పెట్టాలో కూడా చెబుతున్నాను. ఇంట్లో చేసినదైనా మాత్ర తప్పితే పిల్లల ఆకలిని చెరుపుతుంది.

బందరు నేర్పిన పాఠం

కృష్ణా డెల్టాలో తీపి అనగానే బందరు లడ్డూ గుర్తుకు వస్తుంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. బుందేల్‌ఖండ్ ప్రాంతం నుండి మచిలీపట్నానికి వలస వచ్చిన బొందిలీల ద్వారా ఈ మిఠాయి ఇక్కడ స్థిరపడిందని చెబుతారు. దీనికే తొక్కుడు లడ్డూ అని మరొక పేరు. శనగపిండి పూసను నేతిలో వేయించి, రోటిలో దంచి, బెల్లం పాకం కలిపి మరల దంచి, జల్లించి, ఆ తరువాతనే ఉండ కడతారు. నోట్లో వేయగానే కరిగే గుణం ఈ దంపుడు వలన వచ్చినది.

దీనిలో గృహిణులు గ్రహించవలసిన సూత్రం ఒకటున్నది. దినుసులను ముందుగా వేయించి, బెల్లంతో కలిపి దంచినప్పుడు గింజలలోని నూనె, బెల్లంలోని జిగట కలిసి వాటిని గట్టిగా పట్టి ఉంచుతాయి. దానిని పళ్ళెంలో అదిమి కోస్తే అదే 'బార్'. నాగుల చవితి నాడు నైవేద్యం పెట్టే చిమ్మిలి ఈ సూత్రం మీదనే తయారవుతుంది. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని సేవించే దివిసీమ వారికి దీనిని గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

గుడివాడ పరిసరాలలోని మాగాణి భూములలో వరి కోతకు ముందే చేలో మినుములు చల్లుతారు. వరి కోసిన తరువాత నేలలో మిగిలిన తేమతోనే ఆ పైరు పండుతుంది. ఈ విధంగా అటుకులకు వడ్లు, సున్నికి మినుములు ఒకే చేలో లభిస్తున్నాయి. ఇంతటి సంపద ముంగిట ఉన్నప్పుడు పిల్లల చిరుతిండికి దూరదేశపు ఓట్లనే ఆశ్రయించనక్కరలేదు.

గురు లఘు విచారం

ఆయుర్వేదం ఆహార ద్రవ్యాలను గురువులు, లఘువులు అని విభజించింది. ఆలస్యంగా జీర్ణమయ్యేవి గురువులు, శీఘ్రంగా జీర్ణమయ్యేవి లఘువులు. గురు పదార్థాలను సగం తృప్తి వరకే భుజించాలనీ, లఘు పదార్థాలనైనా అతిగా తినరాదనీ వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో విధించారు.

నువ్వులు స్నిగ్ధం, గురువు, ఉష్ణవీర్యం. వాతాన్ని హరిస్తాయి. బరువులో ఇంచుమించు సగం నూనె, సుమారు 18 శాతం మాంసకృత్తులు. పొట్టు తీయని నువ్వులలో సున్నం అధికం. మినుములు బల్యమైనవి, మిక్కిలి గురువు, కఫాన్ని వృద్ధి చేస్తాయి. నూటికి సుమారు 24 పాళ్ళు మాంసకృత్తులు. అటుకులు చూడడానికి తేలికగా కనిపించినా శాస్త్రం వాటిని గురువులలోనే చేర్చింది. పేలాలు లఘువు, శీతలం. ఖర్జూరం శీతలం, శరీర పుష్టినిచ్చేది, అయినప్పటికీ గురువే.

బాల్యం కఫ ప్రధానమైన వయస్సు. తీపి, నేయి, నూనెగింజ మూడూ కఫాన్ని పెంచేవే. అందుచేతనే పూర్వులు ఇటువంటి తీపి పదార్థాలలో ఏలకులు, శొంఠి చేర్చారు. రుచితోపాటు అవి జఠరాగ్నిని దీపింపజేస్తాయి.

దినుసుల ఎంపిక

బెల్లం: పసుపు పచ్చగా నిగనిగలాడే బెల్లానికి ఆశపడవద్దు. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనాన్ని కలపడం ఉన్నది. ముదురు రంగు బెల్లం మేలు. కొత్త బెల్లం కఫాన్ని పెంచి అగ్నిని మందగింపజేస్తుంది. కొంతకాలం నిల్వ ఉన్నది పథ్యమని శాస్త్ర వచనం. నిల్వ బెల్లమంటే పొడిగా భద్రపరచినది. చెమ్మ పట్టి పులిసిన వాసన వచ్చేది పనికిరాదు.

వేరుశనగ గుళ్ళు: సముద్రపు గాలి తగిలే ప్రాంతాలలో వీటికి త్వరగా బూజు పడుతుంది. ముడుచుకున్నవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారవేయాలి. ఆ బూజులోని విషం కాలేయానికి హాని చేస్తుంది. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు.

నువ్వులు: ఇసుక లేకుండా కడిగి, గాలించి, బాగుగా ఎండబెట్టాలి. పాత నూనె వాసన వస్తే వాడరాదు.

1. చిమ్మిలి బార్లు

కావలసినవి: నువ్వులు 250 గ్రాములు, తురిమిన బెల్లం 150 గ్రాములు, ఏలకులు 4, శొంఠి పొడి పావు చెంచా.

చేసే విధానం: మూకుడులో నూనె వేయకుండా, సన్నని సెగ మీద నువ్వులను చిటపటలాడే వరకు వేయించాలి. మాడితే చేదెక్కుతాయి. చల్లారిన తరువాత రోటిలో కచ్చాపచ్చాగా దంచి, బెల్లం, ఏలకుల పొడి, శొంఠి చేర్చి, ముద్ద అయ్యేవరకు మరల దంచాలి. మిక్సీలో చేసేవారు ఆపి ఆపి తిప్పాలి. ఎడతెగక తిప్పితే వేడెక్కి నూనె బయటపడి ముద్ద జారుతుంది. అంచులున్న పళ్ళానికి నేయి రాసి, ముద్దను పరచి, చదునైన అడుగు గల గిన్నెతో గట్టిగా అదమాలి. అరగంట తరువాత 20 ముక్కలుగా కోయాలి.

2. అటుకులు, ఖర్జూరం బార్లు

కావలసినవి: గింజ తీసిన మెత్తని ఖర్జూరాలు 200 గ్రాములు, పలుచని అటుకులు 75 గ్రాములు, వేరుశనగ గుళ్ళు 100 గ్రాములు, పుట్నాల పప్పు 50 గ్రాములు, నేయి 2 పెద్ద చెంచాలు, ఏలకుల పొడి కొద్దిగా.

చేసే విధానం: అటుకులను చేత నలిపితే పొడి అయ్యేటంత కరకరలాడే వరకు వేయించాలి. వేరుశనగ గుళ్ళను వేయించి పొట్టు తీసి పలుకులుగా దంచాలి. పుట్నాల పప్పును పొడి చేయాలి. ఖర్జూరాలను నేతితో కలిపి మెదిపి, మిగిలినవన్నీ చేర్చి గట్టిగా పిసకాలి. ముద్ద కట్టకపోతే మరి రెండు ఖర్జూరాలు చేర్చండి, నీరు మాత్రం పోయవద్దు. నీరు తగిలితే రెండు రోజులకే పాడవుతుంది. పళ్ళెంలో అదిమి 22 ముక్కలుగా కోయాలి. దీనిలో బెల్లం గాని చక్కెర గాని లేదు. వేసవిలో అటుకులకు బదులు వరి పేలాల పొడి వాడితే తేలికగా ఉంటుంది. తొలి ఏకాదశి నాటి పేలపిండి రుచి పిల్లలకు ఈ విధంగా అలవడుతుంది.

3. మినప సున్ని బార్లు

కావలసినవి: పొట్టు మినప్పప్పు 250 గ్రాములు, బెల్లం 200 గ్రాములు, నేయి 100 గ్రాములు.

చేసే విధానం: పప్పును సన్నని సెగ మీద లోపలి వరకు వేగి కమ్మని వాసన వచ్చేటట్లు ఓపికగా వేయించాలి. పచ్చి మిగిలితే కడుపు ఉబ్బరిస్తుంది. చల్లార్చి, పిండి పట్టి, బెల్లం కలిపి మరొకసారి దంచి, కరిగిన నేయి పోసి కలిపి అదమాలి. ఉండ కట్టినా బారుగా కోసినా పదార్థం ఒకటే. బారుగా కోసినందువలన అన్ని ముక్కలూ సమానంగా వచ్చి, ఎంత పెడుతున్నామో లెక్క తెలుస్తుంది. దీనిని 25 ముక్కలు చేయాలి.

తేనెతో బార్లు చేయాలనుకునే వారికి ఒక మాట. తేనెను పొయ్యి మీద కాచరాదనీ, తేనె, నేయి సమభాగాలుగా కలపరాదనీ ఆయుర్వేదం నిషేధించింది. ఏడాది నిండని శిశువులకు తేనె ఏ రూపంలోనూ నాకించరాదని ఆధునిక వైద్యులు హెచ్చరిస్తున్నారు. దానిలో ఉండగల సూక్ష్మక్రిమి బీజాలు శిశువుల కండరాలను చచ్చుబడజేసే ప్రమాదమున్నది. ఈ హెచ్చరికను అందరూ పాటించాలి.

ఎంత, ఎప్పుడు?

నాలుగు దశాబ్దాల వైద్యవృత్తిలో తల్లుల నుండి నేను తరచుగా విన్న ఫిర్యాదు "పిల్లవాడు అన్నం తినడండీ" అన్నది. విచారించగా తెలిసేదేమనగా, ఆ బిడ్డ ఉదయం నుండి గంటకొకసారి ఏదో ఒకటి నములుతూనే ఉంటాడు. కొన్ని ఇళ్ళలో అది కొన్న బిస్కత్తు, మరికొన్ని ఇళ్ళలో అమ్మమ్మ చేతి సున్నుండ. జఠరాగ్నికి రెండూ ఒకటే. ముందు తిన్నది జీర్ణం కాకముందే మరల తినడాన్ని శాస్త్రం అధ్యశనం అన్నది. అటువంటి బిడ్డకు ఆకలి మందు ఇవ్వడం కంటే ముందు డబ్బా మూత బిగించడం అవసరం.

ఆధునిక లెక్క కూడా ఈ మాటనే చెబుతున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన సూచనల ప్రకారం చేర్చిన చక్కెరల ద్వారా వచ్చే శక్తి రోజువారీ శక్తిలో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపు ఉంటే మరింత మేలు. రోజుకు 1400 కేలరీలు అవసరమైన బిడ్డకు 10 శాతం అంటే 35 గ్రాములు, 5 శాతం అంటే పదిహేడున్నర గ్రాములు. తేనెకు ఈ లెక్కలో మినహాయింపు లేదు, బెల్లానికీ లేదు. మన చిమ్మిలి ముక్క ఒక్కొక్క దానిలో ఏడున్నర గ్రాములు, సున్ని ముక్కలో 8 గ్రాముల బెల్లం ఉన్నది. పాలలో వేసే చక్కెర దీనికి అదనం. కనుక ఐదేళ్ళు దాటిన బిడ్డకు రోజుకు ఒక ముక్క. బాగా ఆటలాడే పదేళ్ళ పిల్లలకు రెండు. అంతకు మించవద్దు.

వేళ: బడి నుండి వచ్చిన వెంటనే. రాత్రి భోజనానికి కనీసం రెండు మూడు గంటల ముందు. పడుకోబోయే ముందు వలదు. తిన్న తరువాత నోరు పుక్కిలింపజేయాలి. బెల్లమైనా ఖర్జూరమైనా పళ్ళకు అంటుకుంటే పిప్పి పన్నుకు దారి తీస్తుంది.

కాలం: హేమంత శిశిరాలలో అగ్ని బలంగా ఉంటుంది గనుక చిమ్మిలి, సున్ని తగినవి. గ్రీష్మంలో నువ్వులు తగ్గించి పేలాలు, ఖర్జూరం వాడాలి. వర్షాకాలంలో అగ్ని మందగిస్తుంది గనుక సగం ముక్క, శొంఠి కొంచెం ఎక్కువ.

ఎవరికి పెట్టరాదు?

ఐదేళ్ళ లోపు పిల్లలకు వేరుశనగ పలుకులు పెట్టరాదు. ఊపిరి గొట్టంలో చిక్కుకునే ప్రమాదమున్నది. మెత్తగా పొడి చేసి కలిపి, కూర్చోబెట్టి, పెద్దల కంటి ఎదుట తినిపించాలి. వేరుశనగ గాని నువ్వులు గాని తిన్నప్పుడు దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం కలిగిన బిడ్డకు ఆ దినుసును మరల ముట్టించరాదు. ఆయాసం కనిపిస్తే చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. జ్వరం, విరేచనాలు, కఫంతో కూడిన దగ్గు ఉన్న రోజులలో ఇవి మానాలి. చక్కెర వ్యాధి ఉన్న పిల్లలకు వారి వైద్యుని సలహా లేనిదే ఇవ్వరాదు.

మరొక అపోహను తొలగించవలసి ఉన్నది. నువ్వుల చిమ్మిలి తింటే రక్తం పడుతుందని నమ్మి, పాలిపోయిన పిల్లలకు నెలల తరబడి దీనినే పెట్టి ఊరుకునే వారున్నారు. బెల్లంలోని ఇనుము స్వల్పం. బిడ్డ పాలిపోయి, నీరసించి, మన్ను తినే అలవాటు చేసుకుంటే రక్త పరీక్ష చేయించాలి. నులిపురుగుల సంగతి చూడాలి. చిమ్మిలి ఆహారమే గాని ఔషధానికి బదులు కాదు.

నిల్వ

తీర ప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. బెల్లం ఆ తేమను పీల్చుకుంటుంది. బార్లు పూర్తిగా ఆరిన తరువాత, పొడి స్టీలు డబ్బాలో, వరుసకు వరుసకు నడుమ నేయి రాసిన కాగితం పరచి, మూత బిగించి ఉంచాలి. తడి చేయి పెట్టరాదు. చిమ్మిలి, సున్ని రెండు వారాలు, ఖర్జూరం బార్లు వారం రోజులు బాగుంటాయి. రుచి కోసం పచ్చి కొబ్బరి కలిపితే ఆ రోజుకారోజే తినివేయాలి. చమురు కంపు వచ్చినా, బూజు చార కనిపించినా డబ్బా అంతా పారవేయాలి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమ వారికి పొయ్యి వెలిగించలేని రోజులంటే ఏమిటో తెలుసు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మంచినీరు, మందులతోపాటు ఇటువంటి డబ్బా ఒకటి సిద్ధంగా ఉంటే పిల్లలు ఆకలికి అలమటించకుండా ఒకటి రెండు రోజులు గడుస్తాయి.

ఆదివారం ఉదయం ఒక గంట కేటాయిస్తే వారానికి సరిపడే చిరుతిండి సిద్ధమవుతుంది. అదిమే పని, కోసే పని పిల్లల చేతనే చేయించండి. ముక్కలను వారి చేతనే లెక్కపెట్టించి, రోజుకు ఒకటి చొప్పున ఎన్ని రోజులకు వస్తాయో చెప్పించండి. తాము లెక్కపెట్టి దాచిన తీపిని పిల్లలు సాధారణంగా మితంగానే తింటారు.