అసైన్‌మెంటు నుండి పోర్ట్‌ఫోలియో వరకు: ఉప్పల్, నాచారం ప్రాంతాల ఆధారంగా ఛాయాచిత్రకళా బోధన

ఛాయాచిత్రకళ అభ్యసించే విద్యార్థి తన మంచి చిత్రాలన్నింటినీ ఒకచోట చేర్చితే పోర్ట్‌ఫోలియో సిద్ధమవుతుందన్న భావన బలంగా ఉంది. వాస్తవానికి అది చేర్పుల కంటే తొలగింపుల ఫలితం. అసైన్‌మెంటు విద్యార్థి చూపుకు హద్దు గీస్తుంది. ఆ హద్దులో అతడు ఏమి గ్రహించాడో పోర్ట్‌ఫోలియో తేలుస్తుంది. ఈ సంబంధాన్ని తూర్పు హైదరాబాదులోని రెండు ప్రాంతాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

హైదరాబాదు ఛాయాచిత్ర చరిత్రలోనే ఇందుకు పూర్వోదాహరణ ఉంది. రాజా దీన్‌దయాళ్ (1844–1905) రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరు ప్రజాపనుల శాఖలో పనిచేస్తూ కెమెరా పట్టాడు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట పర్యటించి మధ్యభారత కట్టడాలను చిత్రించాడు. నేటి పరిభాషలో అది అసైన్‌మెంటే. ఆ కృషి 1886లో గ్రంథరూపం పొందింది. తదనంతర కాలంలో ఆయన ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు.

ఇక ఉప్పల్ కూడలిని తీసుకుందాం. 2017లో మెట్రో, 2023లో స్కైవాక్ వచ్చాక అక్కడి వెలుగునీడల స్వరూపమే మారింది. ‘ఒకే చోట, ఒకే లెన్సుతో, మూడు వేళల్లో’ అన్నది అసైన్‌మెంటు అనుకుందాం. మధ్యాహ్నం మెట్రో వంతెన నీడలో బస్సుకోసం నిలుచున్న మనిషి, వెనుక మండే రోడ్డు ఒకే చట్రంలోకి వస్తాయి. కెమెరా మీటరు వెలుగును సగటుగా లెక్కగట్టడంతో మనిషి ముఖం నల్లబడుతుంది. ముఖాన్ని నిలిపి ఆకాశాన్ని తెల్లబోనివ్వాలా, మనిషిని నీడగానే ఉంచాలా అన్నది విద్యార్థే తేల్చుకోవాలి. సాయంత్రం షట్టరు వేగం తగ్గించక తప్పదు, నడిచేవారు చెదిరిపోతారు. ఆ చెదరడం దోషమా, విషయమా? ఏ పాఠ్యగ్రంథంలోని పట్టికా దీనికి జవాబు చెప్పదు.

నాచారం పెట్టే పరీక్ష వేరు. ఎన్.టి. రామారావు రామకృష్ణా స్టూడియోస్ నెలకొల్పిన ఊరే అయినా, పారిశ్రామికవాడ గేటు దగ్గర మనుషులు నటించరు. షిఫ్టు ముగించుకొని వచ్చే కార్మికుణ్ణి రోడ్డుకు అవతలి నుండి టెలిఫోటో లెన్సుతో తీస్తే చిత్రం బాగానే రావచ్చు. ఆ సంగతి అతనికి తెలియదు. సూపర్‌వైజరు చూస్తుండగా అతడు తలూపితే దాన్ని అనుమతి అనవచ్చా? అనలేమని నా అభిప్రాయం. టీకొట్టు దగ్గర మాట కలిపి, మరుసటి వారం ఒక ప్రింటు చేతికిచ్చిన విద్యార్థికి రెండోసారి మెరుగైన చిత్రం దొరికే అవకాశం ఎక్కువ.

ఎంపిక దశలో చిక్కు వస్తుంది. రెండు వందల చిత్రాల నుండి పన్నెండు మిగలాలి. ఆ పన్నెండింటికే మార్కులు వేస్తే ఖరీదైన కెమెరా ఉన్నవారిదే పైచేయి. తీసిన చిత్రాలన్నీ వరుసగా కనిపించే కాంటాక్ట్ షీటును, తొలగింపులకు రాసిన కారణాలను కూడా మూల్యాంకనం చేస్తే ఫోనుతో తీసిన విద్యార్థీ సమానంగా నిలుస్తాడు. అనుమతి దొరకనందున తన ఉత్తమ చిత్రాన్ని తానే పక్కన పెట్టిన విద్యార్థికి మార్కు వేయడానికి, తుది చిత్రాలను మాత్రమే చూసే పద్ధతిలో గడి అంటూ ఉండదు.