గింజ తీసిన కణము

1967లో బ్రిటనునందలి ఐ.సి.ఐ. సంస్థలో పనిచేయుచుండిన ఎస్.బి. కార్టరు, ఒకానొక బూజు నుండి లభించిన ద్రవ్యములను జంతుకణములపై పరీక్షించుచు, వానిలో నొకటి కణమును చంపకయే దాని కేంద్రకమును, పనసతొన నుండి గింజవలె, వెలికి జారవిడుచుచున్నదని గమనించెను. కణము సడలుటనుబట్టి గ్రీకు మాటలతో దానికి సైటోకలాసిన్ అని పేరు పెట్టెను.

అంతకు పూర్వము కేంద్రకము తీయుట యన్నది ఒక్కొక్క కణమునకు విడివిడిగా చేయవలసిన శస్త్రకర్మ. 1930ల దశకమున హామెర్లింగ్ అను శాస్త్రజ్ఞుడు అసిటబ్యులేరియా యను సముద్రపు నాచును కోసి ప్రయోగములు చేయగలిగెనన్న, ఆ ఏకకణజీవి అంగుళముల పొడవుండుటచేతనే. మన శరీరకణము కత్తెర కందునది కాదు. 1972లో ప్రెస్కాట్ అను పరిశోధకుడు, అతని సహచరులు, కణములంటియున్న పలకను సైటోకలాసిన్ కలిపిన ద్రవములో బోర్లించి, వెచ్చని అపకేంద్ర యంత్రమున గిరగిర త్రిప్పగా, ఆక్టిన్ అను ప్రోటీను తంతువుల పట్టు సడలిన కణములనుండి బరువైన కేంద్రకములు సన్నని తొడిమతో సాగి, తెగి, అడుగునకు చేరెను. పలకపై మిగిలినవి ఒకటి రెండు దినములు బ్రదికి, ప్రోటీనులను చేయుచునే యుండెను.

వైరసుల నభ్యసించువారికి కావలసినదియు నిదియే. ఏలయన 1962 నుండి వారినొక చిక్కు బాధించుచుండెను: ఇన్‌ఫ్లుయెంజా ఆర్.ఎన్.ఏ. వైరసు, డి.ఎన్.ఏ.తో దానికి పని యుండరాదు. అయినను కణపు డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ. తయారగుటను ఆపు ఆక్టినోమైసిన్ అను మందు తగిలినచో అదియు చతికిలబడుచుండెను. ఆర్.ఎన్.ఏ. వైరసే యైన పోలియో మాత్రము ఆ మందును లక్ష్యపెట్టకుండెను.

1974లో గ్లాస్గో పరిశోధకులు ఫోలెట్, ప్రింగిల్ ప్రభృతులు గింజ తీసిన కణములనే ప్రశ్నించిరి. పశువులకు నోటిపొక్కులు తెచ్చు వి.ఎస్.వి. అను వైరసు వానిలో వృద్ధినొందెను, ఇన్‌ఫ్లుయెంజా వృద్ధినొందలేదు. నాకు మిక్కిలి రుచించునది మాత్రము మశూచి టీకాకు వాడిన వాక్సీనియా చెప్పిన సమాధానము: కేంద్రకము లేకున్నను అది తన డి.ఎన్.ఏ.ను, ప్రోటీనులను తయారుచేసికొనెను గాని, సోకగల పక్వ కణికలు మాత్రము పుట్టలేదు. అవును, కాదు అను రెంటి నడుమ నిలిచిన ఆ జవాబు ప్రయోగమును మరింత విలువైనదిగా చేసినది.

కేంద్రకము వలయునని యీ ఉపకరణము చెప్పును గాని, ఎందుకో చెప్పజాలదు. ఆ కారణమును అమెరికాలో క్రుగ్ బృందము 1980 ప్రాంతమున బయటపెట్టెను. కేంద్రకమున అప్పుడే తయారైన కణపు ఆర్.ఎన్.ఏ. తలకు టోపీవంటి రసాయనముండును. అది లేని సందేశమును కణము సరిగా చదువదు. ఇన్‌ఫ్లుయెంజా కత్తెరవంటి తన ఎంజైముతో ఆ టోపీని, దానితోపాటు పదిపదమూడు అక్షరములను తెగగొట్టి, తన సందేశమునకు తగిలించుకొనును. గింజలేని కణములో దొంగిలించుటకు క్రొత్త టోపీలు లేవు. ఆక్టినోమైసిన్ తగిలిన కణములోను అంతే. ఆ కత్తెరను పట్టి నిలుపు బలాక్సవిర్ అను మందునకు 2018లో జపానులో అనుమతి లభించినది.